సాక్షిని మారిస్తే కేసు తేలదు

ఇంజిన్‌లో ఇంధన మిశ్రమం పలచబడిందని ఆక్సిజన్ సెన్సార్ చెబితే ముందుగా వేటు పడేది సెన్సార్ మీదే. అది ఇచ్చిన అంకెలను ఓపిగ్గా చదివితే జేబుకూ మేలు, ఢిల్లీ గాలికీ మేలు.

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌ను ఊరు రెండు విషయాలతో గుర్తు పెట్టుకుంటుంది. ఒకటి, వీధివీధినా కనిపించే చార్టర్డ్ అకౌంటెన్సీ కోచింగ్ సెంటర్లు. రెండు, ఆఫీసు వేళల్లో వికాస్ మార్గ్ మీద యమున వంతెన వైపు బారులు తీరే కార్లు. ఈ రెండింటికీ సంబంధం లేదనిపించవచ్చు. కానీ ఆ బారులో ఉన్న ప్రతి ఆధునిక పెట్రోలు కారులోనూ ఒక అకౌంటెంటు పనిచేస్తూ ఉంటాడు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే ఆ అకౌంటెంటు. లోపలికి వచ్చిన గాలి ఎంత, పోసిన పెట్రోలు ఎంత, పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంత అని క్షణక్షణం లెక్క రాస్తూ ఉంటుంది. లెక్క మరీ తప్పితే డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగిస్తుంది.

దీపం వెలిగాక కథ తరచూ ఒకే దారిలో నడుస్తుంది. మెకానిక్ స్కానర్ తగిలిస్తాడు. తెరమీద పి0171 అనే కోడ్ కనిపిస్తుంది. మిశ్రమం మరీ పలచగా ఉందని దానర్థం. ఆ విషయం చెప్పింది ఆక్సిజన్ సెన్సార్ కాబట్టి, పోయింది కూడా అదేనన్న తీర్పు వెంటనే వెలువడుతుంది. విడిభాగాలకు పేరుపడ్డ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి కొత్త సెన్సార్ వస్తుంది. కొన్ని వేల రూపాయల బిల్లు అవుతుంది. కోడ్ చెరిపేయడంతో దీపం ఆరుతుంది. కొద్ది రోజులకు మళ్లీ వెలుగుతుంది. జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటరు మార్చిన చందం ఇది.

సెన్సార్లు పాడవవని కాదు. పాడవుతాయి. అయితే పి0171 అన్నది సెన్సార్ పాడైందని చెప్పే కోడ్ కాదు. సెన్సార్ చూసినదాని ఆధారంగా కంప్యూటర్ రాసిన ఫిర్యాదు. సెన్సార్ ఇక్కడ సాక్షి మాత్రమే. సాక్షి చెప్పిన మాటను మరో ఆధారంతో సరిపోల్చకుండా తీర్పు చెప్పడంలోనే చిక్కంతా ఉంది.

పలచన అంటే ఎంత?

కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకు మించితే మిశ్రమం లీన్, అంటే పలచన. గాలి తగ్గితే రిచ్, అంటే చిక్కన. మజ్జిగలో నీళ్లు ఎక్కువ తక్కువ కావడం లాంటిదే. కాకపోతే మజ్జిగ కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది. ఇంజిన్‌లో చెల్లదు. అందుకు ప్రధాన కారణం పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడు విషాలను ఈ కన్వర్టర్ ఒకేసారి శుద్ధి చేయాలి. మొదటి రెండింటికి ఆక్సిజన్‌ను జోడించాలి. మూడోదాని నుంచి ఆక్సిజన్‌ను లాగేయాలి. ఈ రెండు పనులూ ఏకకాలంలో జరగాలంటే మిశ్రమం ఆ 14.7కు అతి దగ్గరలో ఊగుతూ ఉండాలి. పలచబడితే పొగలో ఆక్సిజన్ మిగిలిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు శుద్ధి కాకుండా బయటపడతాయి. ఢిల్లీ ఎండలో ఓజోన్ తయారీకి, చలికాలంలో గాలిలో సూక్ష్మ ధూళి కణాలు ఏర్పడడానికి ఇవి ముడిసరుకు.

యజమానికి కనిపించే లక్షణాలు వేరు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు వణుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం తటపటాయించి తర్వాత ఎత్తుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు శక్తి చాలదు. మిశ్రమం బాగా పలచబడితే సిలిండర్‌లో అసలు మంటే అంటుకోక మిస్‌ఫైర్ అవుతుంది. అప్పుడు మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉంది. కన్వర్టర్ ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు చిన్నబోతుంది.

సెన్సార్ చూసేది ఏమిటి?

ఆక్సిజన్ సెన్సార్‌ను జర్మనీ కంపెనీ బాష్ 1976లో మార్కెట్లోకి తెచ్చింది. తొలుత బిగించుకున్నవి స్వీడన్‌కు చెందిన వోల్వో కార్లు. దాని గుండెకాయ జిర్కోనియా అనే పింగాణీ ముక్క. దానికి ఒక పక్క బయటి గాలి, మరో పక్క ఇంజిన్ పొగ తగులుతాయి. 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, రెండు పక్కల ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి అది చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. దీని వెనకున్న సూత్రం జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే చెప్పినది.

పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే తేడా ఎక్కువ. సెన్సార్ 0.8 నుంచి 0.9 వోల్టు చూపుతుంది. అది చిక్కని మిశ్రమం. పొగలో ఆక్సిజన్ మిగిలితే తేడా తక్కువ. సెన్సార్ 0.1, 0.2 వోల్టుకు పడిపోతుంది. అది పలచని మిశ్రమం. మధ్యలో 0.45 వోల్టు సరిహద్దు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ఈ అంకె ఒకచోట నిలవదు. కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచి, కాస్త తగ్గించి చూస్తుంటుంది కాబట్టి, పది సెకన్లలో ఎన్నోసార్లు కిందికీ పైకీ ఊగుతుంది. స్కానర్ గ్రాఫ్‌లో ఆ ఊపు కనిపించడం మంచి లక్షణం. అలా కాకుండా 0.1 దగ్గర చతికిలబడితే పలచన అని సెన్సార్ గట్టిగా చెబుతున్నట్టు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. చాలా కార్లలో సెన్సార్లు రెండుంటాయి. కన్వర్టర్‌కు ముందున్నది మిశ్రమాన్ని చూస్తుంది. వెనకున్నది కన్వర్టర్ పనితీరును చూస్తుంది, దాని అంకె నిలకడగానే ఉండాలి. వెనక సెన్సార్ ఊగడం లేదని మార్చేస్తే డబ్బు దండగ. రెండో జాగ్రత్త, కొన్ని కొత్త కార్లలో వైడ్‌బ్యాండ్ అనే మరో రకం సెన్సార్ ఉంటుంది. దాని లెక్క 0.45 వోల్టుతో కుదరదు. స్కానర్‌లో లాంబ్డా అనే అంకెను చూడాలి. ఒకటి ఉంటే సరి, ఒకటికి మించితే పలచన, తగ్గితే చిక్కన.

సాక్షి పొరబడే సందర్భాలు

సెన్సార్‌కు కనిపించేది ఆక్సిజన్ ఒక్కటే. పెట్రోలు కనిపించదు. అందుకే నిజం చెబుతూనే కంప్యూటర్‌ను తప్పుదారి పట్టించే సందర్భాలు కొన్నున్నాయి.

మొదటిది, పొగగొట్టంలో చిల్లు. సెన్సార్‌కు ముందు మానిఫోల్డ్ దగ్గర చిన్న పగులున్నా, గ్యాస్కెట్ వదులైనా, పొగ విడతలు విడతలుగా వెళ్లేటప్పుడు మధ్యలో ఏర్పడే పీడనం తగ్గుదల బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సార్ పలచన అంటుంది. ఇంజిన్‌లో మిశ్రమం మాత్రం సరిగ్గానే ఉంటుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతూ పోతుంది. మైలేజీ పడిపోతుంది.

రెండోది, మిస్‌ఫైర్. స్పార్క్ ప్లగ్ లేదా కాయిల్ పనిచేయక ఒక సిలిండర్ మండకపోతే, వాడని ఆక్సిజన్ అంతా పొగలోకి వస్తుంది. వెంట మండని పెట్రోలూ వస్తుంది. సెన్సార్ ఆక్సిజన్‌నే లెక్కపెడుతుంది కాబట్టి పలచన అంటుంది. ఇక్కడ మార్చాల్సింది ప్లగ్.

మూడోది, సెన్సార్ నిజంగానే చచ్చిపోవడం, లేదా దాని తీగ తెగడం. దీన్ని తేల్చడానికి కొత్త సెన్సార్ కొనక్కర్లేదు. ఇంజిన్ పీల్చే గాలిలోకి కొద్దిగా మండే ఆవిరి పంపితే మిశ్రమం కృత్రిమంగా చిక్కబడుతుంది. వోల్టేజి వెంటనే 0.8 దాటాలి. ఒక వ్యాక్యూమ్ గొట్టం ఊడదీస్తే అంకె వెంటనే కిందికి దూకాలి. రెండు పరీక్షల్లోనూ చురుగ్గా కదిలిన సెన్సార్ చెప్పేది నమ్మవచ్చు. దేనికీ చలించకుండా ఒకే అంకెను పట్టుకుని కూర్చుంటే అప్పుడు సెన్సార్‌ను, దాని వైరింగ్‌ను అనుమానించాలి. మండే స్ప్రే వేడి ఇంజిన్ మీద పడితే నిప్పంటుకుంటుంది కాబట్టి ఈ పరీక్ష అలవాటున్న చేతులే చేయాలి.

చిట్టా, ఆవర్జా

సెన్సార్ మాటను సరిపోల్చడానికి కావలసిన రెండో ఆధారం కంప్యూటర్‌లోనే ఉంది. దాని పేరు ఫ్యూయల్ ట్రిమ్. ఫ్యాక్టరీలో రాసిపెట్టిన లెక్కకన్నా ఎంత శాతం పెట్రోలు అదనంగా పోయాల్సి వస్తోంది, లేదా తగ్గించాల్సి వస్తోంది అనే అంకె అది. ఇందులో రెండు పద్దులుంటాయి. షార్ట్ టర్మ్ ట్రిమ్ క్షణక్షణం మారే చిట్టా. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఆ చిట్టాను చూసి తీరిగ్గా రాసుకునే ఆవర్జా. లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్లలో మొదటి ఏడాది విద్యార్థికైనా తెలిసిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. ఒక్క ఓచరును చూసి ఖాతా తప్పని చెప్పలేం, పుస్తకాలన్నీ కలిపి చూడాలి.

రెండు పద్దులనూ కూడితే వచ్చే మొత్తం సున్నాకు అటూ ఇటూ ఐదు శాతం లోపు ఉంటే నిశ్చింత. పది దాటితే ఎక్కడో ఏదో జరుగుతోంది. చాలా కార్లలో 20-25 శాతం చుట్టుపక్కలకు చేరితే కంప్యూటర్ ఇక సర్దుకోలేనని చేతులెత్తేసి దీపం వెలిగిస్తుంది. అంటే దీపం వెలిగే నాటికి జబ్బు చాలాకాలంగా లోలోపల పెరుగుతూ ఉన్నట్టు. ఆవర్జాలో ఆ చరిత్ర ఉంటుంది. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ వేగం, వేడి, భారం ఎంతో కూడా ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో కంప్యూటర్ దాచిపెడుతుంది. కోడ్‌ను చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. చాలా కార్లలో ఆవర్జా కూడా తిరిగి సున్నాకు వస్తుంది. దీపం ఆర్పేసి చూద్దామనే తొందరలో మొదట పోయేది సాక్ష్యమే.

రెండు వేగాల పరీక్ష

జబ్బు ఎక్కడుందో చెప్పే చవకైన పరీక్ష ఒకటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ట్రిమ్ మొత్తాన్ని ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్పీఎం దగ్గర ఒకసారి చూడాలి. వీలైతే రోడ్డు మీద భారంతో ఎక్కేటప్పుడు మూడోసారి.

ఎనిమిదేళ్ల వయసున్న ఒక పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాం. ఐడ్లింగ్‌లో ట్రిమ్ 22 శాతం, 2,500 దగ్గర 5 శాతం వచ్చిందనుకుందాం. ఇది దాదాపుగా గాలి లీకేజీ. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, పగిలిన వ్యాక్యూమ్ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే పీసీవీ గొట్టం - వీటిలో ఏదో ఒకటి. లెక్క సులభం. చిల్లు పరిమాణం మారదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొద్ది గాలి, అందులో దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగాక పీల్చే గాలి ఎన్నో రెట్లు అవుతుంది, దొంగగాలి వాటా చిన్నబోతుంది.

అదే కారులో ఐడ్లింగ్‌లో 4 శాతం, భారం పడ్డప్పుడు 20 శాతం వస్తే కథ తిరగబడుతుంది. అడిగినంత పెట్రోలు అందడం లేదు. బలహీనపడ్డ పెట్రోలు పంపు, మూసుకుపోయిన ఫిల్టరు, గారపట్టిన ఇంజెక్టర్లు అనుమానితుల జాబితాలో చేరతాయి. ప్రెషర్ గేజి పెడితే పంపు సంగతి తేలిపోతుంది. గాలిని నేరుగా తూచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో ఆ సెన్సార్ తీగకు దుమ్ము పట్టినా ఇలాంటి అంకెలే వస్తాయి. వచ్చిన గాలిని అది తక్కువగా లెక్కపెడుతుంది, కంప్యూటర్ తక్కువ పెట్రోలు పోస్తుంది. దుమ్ము తక్కువేమీ కాని ఢిల్లీలో ఎయిర్ ఫిల్టరు సరిగా బిగించారో లేదో చూడడం అందుకే ముఖ్యం.

ఓ మెలిక కూడా ఉంది. మన దేశపు చిన్న కార్లలో చాలావాటికి మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉండదు. మానిఫోల్డ్‌లో పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. వీటిలో దొంగగాలి దూరితే పీడనం పెరుగుతుంది. కంప్యూటర్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని పెట్రోలు పోసేస్తుంది. కాబట్టి లీకేజీ ఉన్నా ట్రిమ్ పెద్దగా మారకపోవచ్చు, ఐడ్లింగ్ వేగం మాత్రం పెరుగుతుంది. విదేశీ కార్ల కోసం రాసిన సూత్రాన్ని యథాతథంగా వల్లించే ముందు బానెట్ కింద ఏ సెన్సార్ ఉందో చూసుకోవాలి.

రెండు ఇంధనాల సాక్ష్యం

ఢిల్లీ కార్లకు మిగతా చాలా ఊళ్లలో అంత సులువుగా దొరకని సౌకర్యం ఒకటుంది. అది సీఎన్‌జీ. ఎం.సి. మెహతా కేసులో 1998 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో రాజధాని బస్సులు, ఆటోలు గ్యాసు బాట పట్టాయి. ఆ ఏడాదే ఇంద్రప్రస్థ గ్యాస్ లిమిటెడ్ ఏర్పాటైంది. పంపులు పెరిగాక సొంత కార్లూ ఆ దారి పట్టాయి. లక్ష్మీ నగర్ చుట్టుపక్కల కూడా డిక్కీలో సిలిండరున్న కార్లకు కొదవలేదు.

ఒకే ఇంజిన్, ఒకే గాలిదారి, ఒకే ఆక్సిజన్ సెన్సార్. ఇంధనం దారులు మాత్రం రెండు. రోగనిర్ధారణకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. పెట్రోలు మీద కొంతదూరం, గ్యాసు మీద కొంతదూరం నడిపి ట్రిమ్ చూడాలి. రెండింటి మీదా పలచన వస్తే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది. అంటే గాలి లీకేజీ, పొగగొట్టం పగులు, ప్లగ్గులు, లేదా సెన్సారే. పెట్రోలు మీద మాత్రమే వస్తే పెట్రోలు పంపు, ఇంజెక్టర్ల వైపు చూడాలి. గ్యాసు మీద మాత్రమే వస్తే రెగ్యులేటరు, గ్యాసు ఫిల్టరు, గ్యాసు ఇంజెక్టర్ల వైపు.

బయట బిగించిన కిట్లతో ఒక ఇబ్బంది ఉంది. ఇలాంటి కిట్లలో చాలావరకు పెట్రోలు కంప్యూటర్ ఇచ్చే ఇంజెక్టర్ సమయాన్ని తీసుకుని, దాన్ని గ్యాసుకు తగ్గట్టు హెచ్చించి వాడుకుంటాయి. పెట్రోలుకు 14.7 అయితే సీఎన్‌జీకి సుమారు 17 కిలోల గాలి కావాలి. కిట్ ట్యూనింగ్ సరిగా లేకపోతే వచ్చే తేడాను పెట్రోలు కంప్యూటర్ తన ఆవర్జాలో రాసుకుంటుంది. తర్వాత పెట్రోలుకు మార్చగానే ఆ తప్పుడు పద్దుతోనే పని మొదలెడుతుంది. గ్యాసు మీద బాగానే నడిచి పెట్రోలు మీద వణికే కార్లలో కొన్నింటి రహస్యం ఇదే. అందువల్ల ఏ అంకె ఏ ఇంధనం మీద తీసిందో రాసుకోకపోతే పరీక్ష చేసీ ప్రయోజనం లేదు.

ఇ20తో తగ్గిన వెసులుబాటు

ఇప్పుడు ఈ అంకెలకు మరింత ప్రాముఖ్యం రావడానికి కారణం పంపులో పోస్తున్న పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 అమ్మకాలను 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధాని ప్రారంభించారు. 2030కి అనుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని 2025కే ముందుకు జరిపారు, 2025లో దేశం దాన్ని అందుకుంది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది.

ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. కిలో ఇథనాల్ మండడానికి సుమారు 9 కిలోల గాలి చాలు. ఇ10 పెట్రోలుకు కావలసిన గాలి 14.1 కిలోలు అయితే, ఇ20కి 13.5 కిలోలు. పాత లెక్క ప్రకారం అంతే పరిమాణంలో ఇంధనం పోస్తే మిశ్రమం పలచబడుతుంది. ఇ10కి సర్దిన కారు ఇ20కి మారినప్పుడు కంప్యూటర్ మూడు నాలుగు శాతం, ఇథనాల్ లేని పెట్రోలుకు సర్దిన కారయితే ఏడు శాతం పైచిలుకు అదనంగా పోయాల్సి వస్తుంది. సెన్సార్‌కు ఇంధనం పేరుతో పనిలేదు, మిగిలిన ఆక్సిజన్‌ను చూసి చెబుతుంది కాబట్టి ఈ సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది.

మిశ్రమం సంగతి వరకు చూస్తే, ఇ20 వల్లే పి0171 వచ్చిందన్న వాదన సాధారణంగా నిలవదు. ఏడు శాతానికి దీపం వెలగదు. కానీ అప్పటికే చిన్న లీకేజీతో 16 శాతం దగ్గర ఈదుతున్న కారుకు ఆ ఏడు శాతం ఆఖరి దెబ్బ కావచ్చు. నిన్నటిదాకా దాగిన జబ్బు ఇవాళ బయటపడుతుంది. యజమాని పెట్రోలును తిడతాడు, మెకానిక్ సెన్సార్ మారుస్తాడు, చిరిగిన గొట్టం అలాగే ఉండిపోతుంది. రబ్బరు భాగాలకు, మైలేజీకి సంబంధించి ఇ20 మీద ఉన్న ఫిర్యాదులు వేరే చర్చ. వాటిని దీనితో కలిపేస్తే ఏ ఒక్కటీ తేలదు. కార్బ్యురేటర్‌తో నడిచే పాత బండ్లకు సెన్సారూ లేదు, దిద్దుబాటూ లేదు. ఇంధనం మారితే వాటి మిశ్రమం మారినట్టే.

సర్టిఫికెట్టు చెప్పనిది

ఢిల్లీ గాలి కోసం కోర్టులు, ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాల వెంటే ఈ సాంకేతికత మన కార్లలోకి వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కన్వర్టర్‌నూ సెన్సార్‌నూ చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే తేవాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంతో రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాల అమలు వేగం పుంజుకుంది, కార్బ్యురేటర్ల స్థానాన్ని ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్లు ఆక్రమించాయి. ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ 2010లో బీఎస్-4 నగరాల్లో మొదలై 2013లో మరింత కట్టుదిట్టమైంది. స్టీరింగ్ కింద ఉండే స్కానర్ సాకెట్టు ఆ ప్రస్థానపు ఫలితమే.

ఇంత సామగ్రి ఉన్నా మన తనిఖీ ఇంకా పొగగొట్టం చివర్లోనే ఆగిపోయింది. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో 2,500 ఆర్పీఎం ప్రాంతంలో లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. కానీ లీకేజీ ఉన్న కారులో కంప్యూటర్ అదనపు పెట్రోలు పోసి లాంబ్డాను ఒకటి దగ్గరే నిలబెడుతుంది. పరీక్ష పాసవుతుంది. జబ్బు ఆవర్జాలో ఉంటే తనిఖీ పొగను చూస్తోంది. ఆ తనిఖీ కూడా సవ్యంగా జరగడం లేదని ఢిల్లీలో వాహన కాలుష్యంపై 2025 ఏప్రిల్‌లో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక తేల్చింది. పరిమితి దాటిన వాహనాలకు సైతం సర్టిఫికెట్లు ఇచ్చిన ఉదంతాలు అందులో ఉన్నాయి.

రాజధానిలో పాత వాహనాలపై తీసుకున్న చర్యలూ ప్రధానంగా వయసు చుట్టూనే తిరిగాయి. 2025 జూలై 1న కాలం చెల్లిన వాహనాలకు ఇంధనం పోయకూడదన్న ఆదేశం అమల్లోకి వచ్చి, నిరసనలతో కొద్దిరోజుల్లోనే ఆగిపోయింది. బాగా చూసుకున్న పన్నెండేళ్ల కారు, మిస్‌ఫైర్‌తో నడిచే నాలుగేళ్ల కారు కన్నా శుభ్రంగా ఉండవచ్చు. ఆ తేడా రిజిస్ట్రేషన్ కాగితంలో కనిపించదు. ట్రిమ్ అంకెల్లో కనిపిస్తుంది.

ప్రభుత్వం ఆ దారికి వచ్చేదాకా యజమాని చేయగలిగింది ఒకటుంది. స్కానర్ తగిలించిన మెకానిక్‌ను కోడ్ ఏమిటని అడిగి ఊరుకోకూడదు. కోడ్ చెరపక ముందు ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంత, 2,500 దగ్గర ఎంత అని అడగాలి. ఆ అంకెలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. సాకెట్టులో పెట్టి ఫోనుతో చూసుకునే బ్లూటూత్ అడాప్టర్లు సెన్సార్ కన్నా చవగ్గానే దొరుకుతున్నాయి. మరమ్మతు అయ్యాక కొన్ని రోజులు నడిపి అవే అంకెలు మళ్లీ చూడాలి. 22 ఉన్నది 3కు దిగితే పని జరిగినట్టు. దీపం ఆరి, అంకె తిరిగి 22 వైపు పాకుతూ ఉంటే జరిగింది బిల్లు మాత్రమే.

ఈ పరీక్షకు పట్టేది పదిహేను నిమిషాలు. మంచి మెకానిక్‌లు చాలామందికి ఇది తెలుసు కూడా. అడిగేవారు లేక, ఆ సమయానికి కూలి ఇచ్చేవారు లేక మానేస్తున్నారు. విడిభాగానికి వేలు ఇవ్వడానికి వెనకాడని యజమాని, రోగనిర్ధారణకు వందలు ఇవ్వడానికి మాత్రం బేరమాడతాడు. సెన్సార్ల బుట్ట నిండుతున్నది అక్కడే. బిల్లు మీద విడిభాగం పేరు పక్కన ఆ రెండు అంకెలూ రాయించుకునే అలవాటు మొదలైతే, లక్ష్మీ నగర్‌లో అకౌంటెన్సీ చదివే కుర్రాడికే కాదు, కారున్న ప్రతివారికీ తమ బండి ఖాతా తేటతెల్లంగా తెలుస్తుంది.